నాటకాల మెమరీకార్డు

బస్టాండు దగ్గర మెమరీకార్డుల్లో పాటలూ సినిమాలూ ఎక్కించి అమ్మే కొట్టుమీద పోలీసులు పడ్డారనీ, కంప్యూటరుతో సహా కొట్టాయన్ను ఎత్తుకుపోయారనీ కోడుమూరు సంతలో నాగలక్ష్మమ్మ చెవిన పడింది. బేరమాడిన వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఆమెది పుట్టుభయం. ఆకు కదిలితే గాలి అనుకోదు, పాము అనుకుంటుంది.

బీరువాలోంచి మొగుడు కొనిపెట్టుకున్న పద్యనాటకాల సీడీలు తీసింది. అట్ట వెనక చీమల్లాంటి అక్షరాలను వాకిట వెలుతురుకు పట్టి కూడబలుక్కుంది. 'అనుమతి లేకుండా నకలు చేయుట నేరము.'

కొడుకు భూపేష్ పోలీసు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఇక స్టేషను నుంచి ఎంక్వైరీకి వచ్చి, పిల్లోనిమీద కేసులేమీ లేవని రాసుకుపోవడమే మిగిలింది. ఒక్క కేసున్నా ఉద్యోగం గోవిందా అని వాడే చెప్పాడు.

"ఏరా, ఈ సీడీలు కార్డులోకి ఎక్కిచ్చింది నువ్వే కదా?"

"నేనే. గీతలు పడి ఆగిపోతాండాయని నాయనే ఎక్కియ్యమన్యాడు. ఏమైంది?"

"నకలు తీస్తే నేరమని దీనిమీదనే రాసినారు. ఎంక్వైరీ సారు చూస్తే ఏం గతి?"

"అమా, మనం దుడ్లు పెట్టి కొన్న సీడీలు. మన ఇంట్లో వినేకి చేసుకున్యాము. అమ్ముకున్యామా? ఆ కొట్టాయన కొత్త సినిమాలు దొంగతనంగా దింపి వ్యాపారం చేస్తాండాడు. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"సంబంధం లేదని నువ్వంటావు. వాళ్లు అనద్దా?"

వాడు నవ్వి, బూట్లు వేసుకుని పరుగు ప్రాక్టీసుకు పోయాడు. నాగలక్ష్మమ్మకు మాత్రం 'మన ఇంట్లో' అన్న మాట పంటి కింద రాయిలా తగిలింది. ఇంకో కార్డు ఈ ఇంట్లో లేదు, పక్కింట్లో ఉంది. శివలీల వాళ్లత్త తుంటి విరిగి మంచాన పడింది. ఆమెకు పద్యం వినిపిస్తేనే ముద్ద దిగుతుందని, పట్టుబట్టి కొడుకుచేత మరో నకలు తీయించి ఇచ్చింది తనే.

నాగలక్ష్మమ్మ అక్కడికి పోయేసరికి ముసలామె తలదిండు పక్కన చిన్న పాటల పెట్టె పద్యం పాడుతోంది. శివలీల రాగిసంకటి ముద్దలు చేసి తినిపిస్తోంది.

"శివలీలా, ఆ కార్డు తియ్యి."

"ఏమైందక్కా? కుచ్చో."

"కుచ్చునేకి రాలేదు. మావాని ఉద్యోగానికి అడ్డం పడేటట్టుండావు."

"నేనేంటికి అడ్డం పడతా? తెచ్చిచ్చింది నువ్వే కదా."

నాగలక్ష్మమ్మ ఇక మాట్లాడకుండా తనే కార్డు లాగేసుకుంది. రాగం సగంలో తెగింది.

"కరెంటు పోయిందేమే?" అంది ముసలామె.

"కరెంటుండాది అత్తా. నాగలక్ష్మక్కకు మనసే పోయింది," అంది శివలీల.

నాగలక్ష్మమ్మ కార్డు గుప్పెట్లో బిగించి గడప దాటింది. ఇంటికొచ్చి కార్డులు రెండూ పొయ్యిలో వేసింది. ఆ పూటనుంచి రెండిళ్ల మధ్యా మాటలు లేవు. శివలీల గోడమీదుగా కరివేపాకు అందివ్వడం మానేసింది.

ఎంక్వైరీకి హెడ్డు కానిస్టేబులు ఓబుళేశు వచ్చాడు. బండి నాగలక్ష్మమ్మ ఇంటిముందు ఆపి, నడుచుకుంటూ శివలీల ఇంటికి పోయాడు. ముందు ఇరుగుపొరుగును అడగడం వాళ్ల పద్ధతట. నాగలక్ష్మమ్మ పెరటి గోడకు చెవి ఆనించింది. ఇంక అయిపోయింది అనుకుంది. తానైతే ఊరుకునేదా? ఊరుకునేది కాదేమో.

"భూపేష్ ఎట్లాటోడమ్మా?"

"మా అత్త జారిపడిన పొద్దు, ఎత్తుకొని ఆటోలో ఏసింది ఆ పిల్లోడే సార్. మా ఇంటాయన ఊర్లో లేడు. కర్నూలు ఆస్పత్రిలో కూడా మా వెంటే ఉన్యాడు."

"గొడవలు, కొట్లాటలు ఏమన్నా?"

"ఆ ఇంట్లో గొడవ చేసేది వాళ్లమ్మ ఒకతే సార్. ఆయమ్మకు ఉద్యోగం ఇయ్యడం లేదు కదా."

ఓబుళేశు నవ్విన చప్పుడు వినపడింది. కార్డు ఊసే రాలేదు. గోడ అవతల నాగలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అక్కడితో ఊరుకుంటే ఆమె నాగలక్ష్మమ్మ ఎందుకవుతుంది? ఓబుళేశు తన ఇంట్లో అడుగుపెట్టి కుర్చీలో కూర్చున్నాడో లేదో చేతులు జోడించింది.

"సార్, నకళ్లు తీయిచ్చింది నేను. రాసుకుంటే నా పేరు రాసుకోండి. పిల్లోన్ని ఇడ్సిపెట్టండి."

"అమా, గమ్మునుండు," అన్నాడు భూపేష్.

ఓబుళేశు ఏం నకళ్లని అడిగి, సంగతంతా చెప్పించుకున్నాడు. "నేను వకీలును కాదు గానీమ్మా, కొన్న సీడీని మీ ఇంట్లో వినేకి కార్డులో ఎక్కిచ్చుకుంటే మేమెవరం కేసు పెట్టం. సొంత వాడకానికి చట్టంలోనే సడలింపు ఉండాది. నకళ్లు తీసి అమ్మితేనో, ఊరంతా పంచితేనో తప్పు."

"పక్కింటికి ఒకటి ఇచ్చినాను సార్."

భూపేష్ తల పట్టుకున్నాడు. ఓబుళేశు రాయబోతున్న పెన్ను ఆపాడు.

"యా పక్కింటికి? ఇప్పుడు నేను పోయొచ్చిన ఇంటికా? ఆయమ్మ నాతో అనలేదే."

"అనలేదు సార్. కావాలంటే అనుండొచ్చు. నేను పోయి దాన్ని పీక్కొచ్చినాను కూడా."

"యాడుండాది ఇప్పుడు?"

"పొయ్యిలో."

ఓబుళేశు పెన్నుతో తల గోక్కున్నాడు. "ఇంకోసారి ఎవరన్నా అడిగితే నకలు తీసియ్యద్దు. కొన్నదాన్నే ఇచ్చి, విన్యాక తెచ్చుకో. మంచినీళ్లు ఇయ్యమ్మా." నీళ్లు తాగి, కాగితంమీద రాయవలసింది రాసి లేచాడు. "నీ కొడుకుమీద ఏ కేసూ లేదు. నువ్వు పెట్టియ్యకపోతే చాలు."

బండి సందు మలుపు తిరిగేదాకా ఆమె తలుపు పట్టుకునే నిలబడింది. తర్వాత బీరువా తెరిచి సీడీలు కొంగులో మూటకట్టుకుని, ప్లేయరు చంకన పెట్టుకుని శివలీల ఇంటికి పోయింది.

"ఇది ఎప్పుడు పీక్కపోతావక్కా?" అంది శివలీల, అత్త పక్కన సంకటి గిన్నెతో కూర్చున్నచోటి నుంచి లేవకుండానే.

"ఏమన్నా అను. పడతా." నాగలక్ష్మమ్మ సీడీలు మంచం పక్కన పెట్టింది. "ఒక్క మాట చెప్పింటే మావాని బతుకు పోయుండు. ఏంటికి చెప్పలేదే?"

"నీమీద కోపముంటే నిన్ను తిడతా. పిల్లోడేం చేసినాడు?"

నాగలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. సంకటి గిన్నె తన ఒళ్లోకి లాక్కుని, ప్లేయరు పెట్టి, ముసలామె పక్కన కూర్చుని ముద్ద కలిపింది. పద్యం బాగానే ఎత్తుకుని, గీత పడ్డ చోట ఆగి ఒకే మాటను నమిలింది. ప్లేయరును తడదామని ఆమె చెయ్యి చాచేలోపే, ముసలామె బోసినోటితో మిగతా పద్యాన్ని అందుకుంది. రాగం కూడా తీసింది. ముద్ద చేతిలోనే పట్టుకుని నాగలక్ష్మమ్మ వింటూ కూర్చుంది.