దిగితే, దింపితే

టైలర్ మాస్టారి నోట్లో ఉన్న పళ్ళు చిన్నకూతురు చేసినవి. అవును, కన్నకూతురే. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారు చేసిపెట్టడం ఆమె పని. ఆ సెట్టు పెట్టిన రోజునుంచీ కింద ఎడమపక్క నొక్కుతూనే ఉంది. మాస్టారు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని నమ్మిన మనిషాయన. పైగా పిల్ల అంత కష్టపడి చేస్తే వంక పెట్టడానికి నోరెలా వస్తుంది?

అలాంటివాడికి చెవులు కూడా అంతంతమాత్రమైతే ఏమవుతుందో చూడండి.

పెద్దకూతురింటికి ప్రయాణం పెట్టుకున్నారు, ఆ ఊరు దూరం. ఏకబిగిన రైల్లో కూచుంటే నడుము ఊరుకోదని డాక్టరు చెప్పాడు. దారి మధ్యలో ఎక్కడైనా రెండు రోజులు ఆగి, సేదతీరి వెళ్దామని చిన్నకూతురు అనుకుంది. అనుకుని ఊరుకుందా? ఫోను ముందేసుకుని ఊళ్ళన్నీ జల్లెడ పట్టింది. "సముద్రం పక్కన బాగుంటుందా నాన్నా, కొండ మీదా?" అంటే, "నీ ఇష్టమమ్మా" అన్నాడు. "కొండ మీద చలేమో?" అంటే దానికీ "నీ ఇష్టమే" అన్నాడు. చొక్కా కొలతల విషయంలో తప్ప ఆయన జన్మలో ఇంకో జవాబు చెప్పి ఎరగడు.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో నిలబడి అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. ముందుగదిలో మాస్టారు పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నాడు.

"మెట్లుండకూడదే. బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలుండాలి. పిలిస్తే డాక్టరు రావాలి. దొరికిందిలే, నది ఒడ్డున. చప్పుడే ఉండదట. అక్కడ దిగితే నాన్నకి హాయి, నాకూ నిశ్చింత."

దిగితే అంది. ఆయనకి దింపితే అని వినబడింది.

ఇంకొకరైతే లేచి వెళ్ళి "ఏమిటే అంటున్నావు?" అని నిలదీసేవారు. మాస్టారు పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. ఓహో, వృద్ధాశ్రమం అనుకున్నాడు. పెద్దదాని ఇంటికి వెళ్ళడమన్నది ఉత్తమాట, పసిపిల్లకి మందు పోస్తూ మిఠాయి పేరు చెప్పినట్టు. కోపం రావలసింది, రాలేదు. భయమేసింది. పిల్లకి తనమీద ఎందుకు విసుగొచ్చిందా అని ఆలోచిస్తే రెండు నేరాలు తేలాయి: టీవీ గట్టిగా పెట్టడం, బాత్రూం లైటు ఆర్పకపోవడం. మర్నాటినుంచి లైటు ఆర్పాడు. టీవీకి గొంతు లేకుండా చేసి బొమ్మలు మాత్రం చూశాడు. ఏం లాభం, టికెట్లు రానే వచ్చాయి.

"నదివైపు గది తీసుకోనా నాన్నా, తోటవైపుదా?" అంది కూతురు.

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమమ్మా" అన్నాడు, ఆమె చేసిన పళ్ళతోనే. ఆమె పకపకా నవ్వింది.

మండుటెండల్లో చలికోటు సర్దుకున్నాడు. పెద్ద కత్తెర, సూదీ దారం సర్దుకున్నాడు. గోడమీద భార్య ఫోటో తీసి కోటులో చుట్టి పెట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టె మాత్రం పట్టలేదు. దాన్ని పక్కింటాయనకి ఇచ్చేసి, "ఇక నాకెందుకులే" అన్నాడు. రైలెక్కించేటప్పుడు కూతురు పెట్టె ఎత్తబోయి, "ఇందులో ఏమున్నాయి నాన్నా, బండరాళ్ళా?" అంది. "బట్టలమ్మా" అన్నాడు.

గెస్ట్ హౌస్ ఆమె చెప్పినట్టే ఉంది. మెట్లు లేవు, కడ్డీలు ఉన్నాయి, చప్పుడు లేదు. ఆయన అనుకున్నట్టూ ఉంది, అదే వచ్చిన చిక్కు. కూతురు నది చూసొస్తానని వెళ్ళగానే మాస్టారు మేనేజరమ్మ దగ్గరికి నడిచాడు.

"ఇక్కడ అందరికన్నా ఎక్కువ రోజులున్నదెవరమ్మా?"

"పోయిన వేసవిలో ఒక పెద్దాయనండీ. పదిరోజులుండి వెళ్ళిపోయారు."

మాస్టారి చెవిలో "పోయారు" ఒక్కటే పడింది.

"పాపం. జబ్బేమైనా ఉండేదా?"

"లేదండీ, బాగానే ఉన్నారు. ఉదయం కాఫీ తాగారు, వెళ్ళిపోయారు."

"అదృష్టవంతుడు" అన్నాడు మాస్టారు. మేనేజరమ్మ తలూపింది.

గదికి తిరిగొచ్చి మంచంమీద కూచుంటే ఎదురుగా కిటికీ తెర కనబడింది. అంచు వంకర. ఎవడో కళ్ళు మూసుకుని కుట్టాడు. మాస్టారు తెర దింపి, కుట్లు విప్పి, సూదిలో దారం ఎక్కించాడు. కూతురు వచ్చేసరికి సగం అయింది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"రోజూ లేచి ఈ వంకర మొహం చూడాలంటే నావల్ల కాదమ్మా."

"రోజూ ఏంటి? ఎల్లుండి మనం వెళ్ళిపోతాంగా."

సూది ఆగింది.

"మనమా?"

"మరి? అక్క స్టేషనుకొస్తానంది."

"నువ్వొక్కదానివే వెళ్తావనుకున్నాను."

"నిన్నెక్కడ పెట్టి?"

మాస్టారు గది చూపించాడు. బాత్రూంలో కడ్డీలు కూడా చూపించాడు. ఆమె వంగి ఆ బరువైన పెట్టె తెరిచింది. కోటు తీసింది. కోటులోంచి అమ్మ ఫోటో బయటపడింది.

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తిట్టింది. "వదిలేస్తున్నాననుకుని కూడా కిక్కురుమనకుండా వచ్చావా? ఒక్కమాట అడగడానికేం? నేనలాంటిదాన్నా?"

"అన్నాళ్ళు వెతికావు. అంత కష్టపడి వెతికిన పిల్లని వద్దని ఎలా అంటాను?"

"వెతికింది నీతో ఊరికే కూచుందామని నాన్నా. ఇంట్లో నాకెప్పుడు తీరింది?"

మాస్టారికి తన పిల్లని అంతమాట అనుకున్నందుకు సిగ్గేసింది. ఆ సంగతి పైకి చెప్పాడు కూడా. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

ఆమె ముక్కు తుడుచుకుంది. "ఇంకా ఏమేం దాచావో ఇప్పుడే చెప్పు."

మాస్టారు ఆలోచించాడు. "పళ్ళు" అన్నాడు.

"పళ్ళకేమయింది?"

"ఎడమపక్క కింద నొక్కుతోంది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పెట్టినప్పట్నుంచి."

ఆమె అరచెయ్యి చాపింది. మాస్టారు పళ్ళు తీసి అందులో పెట్టాడు. ఆమె కిటికీ దగ్గర కూచుని, బ్యాగులోంచి గోళ్ళ ఆకురాయి తీసి, నొక్కేచోట నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టింది. తెర లేని కిటికీలోంచి నది పూర్తిగా కనబడుతోంది. మాస్టారు దాన్ని మొదటిసారి అప్పుడే చూస్తున్నాడు.

బోసినోటితో ఏదో అన్నాడు.

"ఏంటి నాన్నా? మళ్ళీ చెప్పు. సగం విని ఊరుకోవడం నావల్ల కాదు."

ఆయన ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పాడు. ఇక్కడ ఇంకో రోజు ఉందామా అన్నాడు.

"నీ ఇష్టం నాన్నా" అని ఆమె మళ్ళీ రుద్దడంలో పడింది.