తరవాణి సీసా

శత్రువు మా ఇంట్లోనే ఉన్నాడని నాకు మొదటే తెలుసు. ఎక్కడ దాక్కున్నాడో కనిపెట్టడంలోనే నా తెలివి బయటపడింది.

కుట్టుమిషను సూది నా కుడి చూపుడు వేలిలో దిగింది. దర్జీకి ఆ వేలు పోతే చేతిలో కత్తెర పోయినట్టే. చిన్న గాయమే, మానలేదు. డాక్టరు బంగారయ్యగారు పెన్సిలిన్ ఇచ్చారు. చీము లొంగలేదు. పైగా కట్టు మీద ఆకుపచ్చ రంగు దిగసాగింది. ఈ వారం తగ్గకపోతే విశాఖపట్నంలో వేలు తీసేయాల్సి రావచ్చన్నారు.

ఇక పరిశోధన నేనే చేపట్టాను. మొదటి అనుమానం పూడిమడక ఎండుచేపల మీద. ఇంట్లో చేపలు బంద్. తర్వాత ఈగలు. గడప నిండా ఫినాయిల్ పోయించాను. చివరికి కట్టు కట్టే నా భార్య చిన్నమ్మలు చేతుల మీదికి వెళ్ళింది చూపు. నేను పుండు కడుక్కునే మందునీళ్ళతోనే చేతులు కడుక్కుని మరీ కట్టమన్నాను. కడుక్కుంది. వేలు ఇంకా వాచింది. నేను ఆమెను ఇంకా అనుమానంగా చూశాను.

ఆ మందునీళ్ళంటే నాకు గర్వం. సీసా సగమవగానే నీళ్ళు పోసి, కాస్త యాంటీసెప్టిక్ చుక్కలు వేసేవాణ్ణి. మా అమ్మ తరవాణి కుండ నడిపినట్టే. పులిసిన గంజి ఆవిడ ఎన్నడూ పూర్తిగా వంచేసేది కాదు, అడుగున ఉంచి దాని మీదే కొత్తది పోసేది. సారమంతా అడుగునే ఉంటుందని మా ఇంటి నమ్మకం.

మెచ్చుకుంటారని సీసా డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వెలుతురుకి ఎత్తి చూశారు. అడుగున జిగురు పేరుకుని ఉంది.

"ఏటయ్యా, దీన్ని ఎప్పుడు కడిగేవు?"

"కడిగితే అడుగు మందు పోదా, డాక్టరుగారూ?"

ఆయన సీసా బల్ల మీద పెట్టేశారు. తర్వాత విడమరిచి చెప్పారు. మందు పలచబడితే మెత్తటి క్రిములే చస్తాయట. మొండివి అందులోనే కాపురం పెట్టి పిల్లల్ని కంటాయట. వాటికి పెన్సిలిన్ కూడా లెక్కలేదట. అంటే పూటపూటా శత్రువుని నేనే వేలి మీద పోసుకున్నాను, చాలక పెళ్ళాం చేతులకీ పూయించాను.

సీసా పగలగొట్టి పారేశాం. డాక్టరుగారు పలచటి వెనిగరుతో పుండు కడిగించారు. మందు కలపాలంటే కాచిన నీళ్ళలో, చెప్పిన కొలతకి, అప్పటికప్పుడే కలపమన్నారు. పచ్చరంగు పోయింది. వేలు దక్కింది.

కట్టు విప్పిన రోజు చిన్నమ్మలు పొయ్యి మీద ఎండుచేపలు వేసింది. ఆ వాసనకి, తప్పెవరిదో చూపించే అలవాటుకొద్దీ నా వేలు లేచింది.

"ఎత్తు మావా," అంది వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడెవరి మీదికి సూపిత్తావో సూత్తాను."

వేలు దించి, కంచం ముందుకి జరుపుకున్నాను.