నేను చెరిపేసిన నలభై మూడు పేర్లు

మా పాత పుస్తకాల కొట్టు కోబేలో, మోతోమాచి రైలు వంతెన కింద ఉంది. నెత్తి మీద రైలు వెళ్ళినప్పుడల్లా అలమరలు వణుకుతాయి. మా ఆయన పోయినప్పటి నుంచీ వాటితో పాటు నేనూ వణుకుతున్నాను. ఏ పుస్తకం ఎవరి నెత్తిన పడుతుందో, దీపం ఆర్పానో లేదో, ఇలాంటి భయాలు నాకు బోలెడు.

బడిలో నాలుగో తరగతి దాటలేదు. ఆ తర్వాత రేవులో రంగు కాగితపు చుట్టలు అమ్మేదాన్ని. బ్రెజిల్‌కి వలస వెళ్ళేవాళ్ళు ఓడ మీద నుంచి ఒక కొస పట్టుకుంటే, దిగబెట్టడానికి వచ్చినవాళ్ళు గట్టు మీద రెండో కొస పట్టుకునేవారు. ఓడ కదిలేకొద్దీ చుట్ట విడిపోతూ విడిపోతూ చివరికి తెగేది. ఎనిమిదేళ్ళ పాటు అవి తెగడం చూశాను. ఇప్పటికీ ఎవరైనా "వెళ్ళొస్తాం" అంటే గుమ్మంలోకి వెళ్ళి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను.

చదవడం పెళ్ళయ్యాక ఈ కొట్టులోనే నేర్చుకున్నాను. కొన్న పుస్తకాల్లో పెన్సిలు రాతలు చెరపడం నాకు అప్పగించిన మొదటి పని. చెరిపే ముందు ప్రతి మాటా కూడబలుక్కుని పైకి చదివేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

కిందటి మార్చిలో చిత్తుకాగితాల వాడు తెచ్చిన కట్టలో, రెండు వంటల పుస్తకాల మధ్య, హిరుకావా గారి ఫోటోల పుస్తకం దొరికింది. ఆయన సినిమా దర్శకుడు. డెబ్భై మూడులో బ్రెజిల్ వెళ్ళి, అక్కడ స్థిరపడ్డ మన జపాన్ వాళ్ళ మధ్య మూడేళ్ళు ఉన్నాడు. తీయాలనుకున్న సినిమా మధ్యలో ఆగిపోయింది. తీసిన ఫోటోలు మాత్రం పుస్తకంగా వేశాడు, మూడు వందల కాపీలు. ఇలాంటివి పోగుచేసేవాళ్ళు దాని కోసం ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా చూస్తారు. అందులోనూ దీనికి అట్ట నడుముకి చుట్టిన కాగితపు పట్టీ చెక్కుచెదరకుండా ఉంది. ఒకటే లోపం. ప్రతి ఫోటో కిందా ఎవరో పెన్సిలుతో గెలికిపెట్టారు. రెండు రోజులు కూర్చుని, మెత్తని రబ్బరుతో కాగితం లేవకుండా మొత్తం తుడిచేశాను. పలచటి కాగితం తొడిగి అద్దాల బీరువాలో పెట్టి, రోజుకి నాలుగుసార్లు చూసుకుని మురిసిపోయాను.

వారం తిరక్కుండా ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. బీరువా ముందు ఆగిపోయి, టోపీ తీసేశాడు.

"అమ్మయ్య! ఇక్కడున్నావా నువ్వు," అన్నాడు, పుస్తకంతో. తర్వాత నా వైపు తిరిగి, "నేను హిరుకావానమ్మా. నేను ఆస్పత్రిలో ఉంటే మావాడు ఇల్లు సర్దాడు. సర్దడమంటే వాడి లెక్కలో పారెయ్యడం. నాలుగు కొట్లు తిరిగి వస్తున్నాను," అన్నాడు.

నేను పొంగిపోయి బీరువా తాళం తీశాను. "కాపీ బాగా పాడుచేశారండీ. ఎవరో పిల్లలు కాబోలు, నిండా రాసేశారు. ఒక్క గీత లేకుండా శుభ్రం చేశాను, చూడండి!"

ఆయన పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ తిప్పాడు.

"ఆ పిల్లాణ్ణి నేనేనమ్మా," అన్నాడు.

నేను పుస్తకం లాక్కుని, పేజీని దీపానికి ఎదురుగా పట్టి వెతికాను, గీత కూడా మిగల్లేదు. ఆయనే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. తను ఫోటో తీసిన ప్రతివాళ్ళకీ ఆ ఫోటో పంపుతానని అప్పట్లో మాటిచ్చాడట. నలభై ఆరేళ్ళుగా పంపలేదట. ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళొచ్చాక, మొన్న చలికాలంలో ఫోటోలన్నీ కొత్తగా వేయించాడట. కవర్లు కూడా కొన్నాడట. ఏ ఫోటో ఎవరిదో రాసిపెట్టుకున్నది ఈ ఒక్క కాపీలోనే.

"మనుషులే లేకపోయినా వాళ్ళ పిల్లలుంటారు కదా. పేరు తెలిస్తే అక్కడి మనవాళ్ళ సంఘం వాళ్ళు చేరవేస్తామన్నారు. పేరు లేకుండా ఎవరికని పంపను?"

"మీకు జ్ఞాపకం లేవా?"

"మొహాలన్నీ ఉన్నాయి. ఎవరింట్లో ఏం తిన్నానో ఉంది. పేర్లు మాత్రం ఎగిరిపోయాయి. మావాడి పేరే ఒక్కోసారి వెతుక్కుంటాను."

తెగిపోయిన కొసలు నా చేతిలోనే ఉన్నట్టనిపించింది. తల వంచుకుని అన్నాను: "నేను చదివాను."

"ఏం చదివారు?"

"చెరిపే ముందు. పైకి చదవనిదే చెరపను. కొన్ని గుర్తున్నాయేమో."

ఆయన కర్ర గోడకి ఆనించి, కోటు విప్పి మేకుకి తగిలించాడు. "అయితే టీ పెట్టండి. ఇది ఒక పూటలో తేలదు."

నాకు పేర్లే తెలుసు, ఏ మొహం చూసినా ఒకటే. ఆయనకి మొహాలే తెలుసు. నేను పేరు అనేదాన్ని, ఆయన పేజీలు తిప్పేవాడు.

"ఒకుమురా జింపాచి," అన్నాను.

"జింపాచి! ఇదిగో, వీడే. చెవిటివాడు. కెమెరా చప్పుడు కూడా వినపడేది కాదు, అందుకే ఇంత బాగా వచ్చాడు."

"యోనే."

"ఇద్దరు యోనేలుండేవారు. లావు యోనే ముల్లంగి ఊరగాయ పెట్టేది, సన్న యోనే చివాట్లు పెట్టేది. ఏ యోనే అమ్మా?"

"అక్కడ 'యోనే, చివాట్లు' అని రాశారండీ."

ఆయన పగలబడి నవ్వాడు. నేను భయపడుతూనే నవ్వాను. నాలుగు రోజులు అలా వచ్చాడు. రోజూ పొద్దున్నే ఇవాళ రాడేమో అనుకునేదాన్ని. వచ్చేవాడు. నేను పెన్సిలు చెక్కి, ఫోటో కింద నా వంకర రాతతో ఒక్కో పేరూ మళ్ళీ రాశాను. నలభై రెండు కుదిరాయి.

ఒక్కటి మిగిలిపోయింది. ఎర్రమట్టి దారిలో అటు తిరిగి నిలబడ్డ ఒక ఆడమనిషి. తలకి తువ్వాలు, చంకలో బుట్ట. మొహం కనపడదు. ఆయనకి మొహం లేదు, నాకు పేరు గుర్తు లేదు.

"ఇది ఒదిలేద్దాం," అన్నాడు నీరసంగా.

"ఒద్దండీ. చెరిపింది నేను. ఎవరినైనా అడగండి."

ఆయన జేబులోంచి చిరిగిన చిరునామాల పుస్తకం తీశాడు. బ్రెజిల్‌లో బాస్తోస్ అనే ఊళ్ళో తోమినో గారని తొంభై దాటినావిడ ఉంది, కొత్త సంవత్సరానికి ఇప్పటికీ కార్డు రాస్తుంది. మాకు సాయంత్రం ఏడయితే వాళ్ళకి పొద్దున ఏడు. కొట్టు ఫోను నుంచే కలిపాం.

"ఎవరూ? హిరుకావానా? ఇంకా బతికే ఉన్నావటయ్యా!" ఆ గొంతు కొట్టంతా వినిపించింది. "ఫోటో పంపుతానని మా ఇంట్లో మూడు నెలలు తిన్నావు. అన్నం పోయింది, ఫోటో రాలేదు. పుస్తకమేశావట, అదీ రాలేదు."

"అందుకేనమ్మా చేశాను. పంపుతున్నాను. ఒక్కరి పేరు దొరకడం లేదు." ఆయన ఫోను నా చేతిలో పెట్టాడు. "మీరు చెప్పండి. నేను చెబితే తిడుతుంది."

నేను చెప్పాను. దారి, తువ్వాలు, బుట్ట.

"అప్పుడు అందరం తువ్వాళ్ళూ బుట్టలే తల్లీ. ఇంకేముంది?"

నేను పుస్తకాన్ని దీపం దగ్గరికి జరిపాను. "ఎడమ భుజం కిందికి జారి ఉందండీ. ఎడమ మడమ నేల మీద ఆనలేదు."

అటువైపు ఫోను దేనికో తగిలిన చప్పుడయింది. లైను తెగిందేమోనని హడలిపోయాను.

"ఇవాయే," అంది చివరికి. "మా చెల్లెలు. చిన్నప్పుడు జ్వరమొచ్చి కాలు అలా అయింది. నువ్వు వెళ్ళిన ఏడే పోయిందయ్యా, హిరుకావా. దాని ఫోటో ఒక్కటి లేదు మా దగ్గర. ఎప్పుడు తీద్దామన్నా మొహం తిప్పేసుకునేది."

"ఇందులోనూ మొహం లేదండీ," అన్నాను. నా తప్పే అయినట్టు చెప్పాను. "వీపు ఒక్కటే."

"వీపు చాలు తల్లీ. కాఫీ తోటకి పదకొండేళ్ళు దాని వెనకే నడిచాను."

హిరుకావా గారు గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంటున్నాడు. నేను పెన్సిలు తీసుకుని ఫోటో కింద 'ఇవాయే' అని రాశాను. ఫోటో రేపే విమానంలో పంపుతామని చెప్పాను, పది రోజుల్లో అందుతుందన్నాను.

"పది రోజులా! నాకు తొంభై రెండమ్మా. ఇప్పుడే చెప్పు, ఎలా నిలబడింది?"

చెప్పాను. తువ్వాలు ముడి ఎటుందో, బుట్టలో ఏమున్నట్టుందో, మట్టి మీద నీడ ఎంత పొడుగుందో, జడలోంచి ఊడి మెడ మీద అంటుకున్న వెంట్రుకల దాకా చెప్పాను. ఆవిడ మధ్యలో "ఊఁ" అంటోంది, అంతే. నెత్తి మీద రైలు వెళ్తే అది పోయేదాకా ఆగి చెప్పాను.

అంతా అయిపోయాక ఆవిడ, "మళ్ళీ మొదట్నించీ చెప్పు," అంది.