సర్వపిండి అంటే తెరుచుకోని తలుపు

సిద్దిపేటలో ఉజ్వల చేయని పని ఏదంటే చెప్పడం కష్టం. మొదట ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లికొడుకుల ముఖాలు తెల్లబరిచింది. తర్వాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసింది. ఆ తర్వాత ఫంక్షన్ హాళ్లకు సీసీ కెమెరాలు బిగించింది. మిగిలిపోయిన కెమెరా ఒకటి ఇంటి ముందు పెడితే, అత్త కాంతమ్మ సీరియళ్లు మానేసి వాడకట్టును చూడడం మొదలుపెట్టింది. తొగుట వైపు పొలాలకు డ్రోనుతో పురుగుమందు కూడా కొట్టింది, అది ఒకనాడు గాలికి దారి తప్పి మల్లన్నసాగర్‌లో మునిగేదాకా.

"చేపలకు మందు కొట్టొచ్చినవా బిడ్డా?" అని కాంతమ్మ చాలా రోజులు అడిగింది.

ఇప్పుడు తాళం, మొదటిది సొంత ఇంటి తలుపుకే. ఇది గొంతును గుర్తుపట్టే తాళం. ఇంట్లోవాళ్ల గొంతు కావాలి, ఆ గొంతు చెప్పే మాటా సరైనది కావాలి. రెండూ కుదిరితేనే తలుపు తెరుచుకుంటుంది.

ఆ ఇంట్లోవాళ్లెవరో చెప్పడం తాళం సంగతి చెప్పినంత సులువు కాదు. ఉజ్వల, ఆమె భర్త ఆకాశ్ విడాకులు తీసుకున్నారు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఒకరి మాట ఒకరికి విసుగు పుట్టింది, అంతే. కోర్టు నుంచి వచ్చి ఉజ్వల బట్టలు సర్దుకుంటుంటే కాంతమ్మ సూట్‌కేసు లాక్కుంది. "విడిచింది వాడు. నేనేమన్న విడిచిన్నా?" అంది. ఆకాశ్ ప్రజ్ఞాపూర్‌లో టిఫిన్ సెంటర్ పెట్టుకుని తహూరాను పెళ్లి చేసుకున్నాడు. తహూరా అప్పుడప్పుడు వచ్చి, ఉజ్వలను అక్కా అని పిలిచి, ఫోను బాగుచేయించుకుని, కాంతమ్మ చేతి సర్వపిండి తిని పోతుంది.

మామ కాశీనాథం మాత్రం అప్పట్లో కొడుకు పక్షం వహించాడు. అలిగి, గ్యాసు పొయ్యి ఎత్తుకుని మేడమీద గదిలోకి ఎక్కాడు. నెల తిరక్కుండా ఆ పక్షం మారింది గానీ, ఎక్కినంత సులువుగా దిగడం ఆయనకు రాలేదు. అప్పటి నుంచి భార్యాభర్తల మాటలన్నీ ఉజ్వల మీదుగా నడుస్తున్నాయి.

"పైన ఆయనకు చెప్పు, ట్యాంకు నిండింది, మోటరు బంద్ చెయ్యమని."

"కింద ఆమెకు చెప్పు, నాకు చెవులున్నయని."

ప్రజ్ఞాపూర్‌లో కొత్త ఇళ్లు కట్టిస్తున్న దస్తగిర్, తాళం నచ్చితే కాలనీ అంతా బిగించమంటానన్నాడు. నచ్చకపోతే ఉజ్వల హైదరాబాదులో ఒక ఆఫీసులో చేరాలి. సోమవారం లోపు సంగతేదో తేల్చి చెప్పమన్నారు వాళ్లు. ఆమె పోతే మేడకూ కిందికీ మధ్య మాట మోసే దిక్కు ఉండదు. కాంతమ్మ ఆ ఊసు ఎత్తలేదు. కానీ దస్తగిర్ తాళం చూడడానికి వచ్చేనాడు పొద్దున్నే తలస్నానం చేసి పట్టుచీర కట్టుకుంది.

తాళానికి ఉజ్వల మొదట పెట్టిన మాట 'సర్వపిండి'. వారం తిరక్కుండా అది వాడకట్టంతా తెలిసిపోయింది. "ఆపతికి అక్కరకొస్తదని చెప్పిన" అంది కాంతమ్మ. వాళ్ల గొంతులకు తలుపు తెరుచుకోదు, నిజమే. కానీ దస్తగిర్ ముందు పక్కింటి చంద్రవ్వ ఆ మాట అరిచిందంటే పరువు ఏం మిగులుతుంది? అత్తమ్మ ఎన్నడూ ఎవరికీ చెప్పని మాట ఒకటి కావాలి. పళ్లు తోముకుంటుండగా ఉజ్వలకు అది తట్టింది. మామ పేరు. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు కాంతమ్మ నోట విన్నవాళ్లు లేరు. ఇంతకన్నా భద్రమైన మాట ఉండదనుకుని, టైపు చేసి, తన తెలివికి తానే మురిసింది. అందులో ఉన్న చిక్కు తట్టేలోపే బయట కారు ఆగింది.

కాంతమ్మ చాయ్‌కి పాలు పొయ్యి మీద పెట్టి, వచ్చినాయన్ని చూద్దామని బయటికి వచ్చింది. వెనకాల తలుపు పడింది. తాళం టిక్కుమంది.

"నువ్వు తెరిస్తే లాభం లేదు బిడ్డా" అన్నాడు దస్తగిర్, ఉజ్వల ముందుకు జరుగుతుంటే. "చేసినోళ్లకు అన్నీ తెరుచుకుంటయి. నా ఇండ్లు కొనేటోళ్లు రిటైరైన పెద్దోళ్లు. పెద్దమ్మ తెరవాలె."

ఉజ్వల అత్త చెవిలో చెప్పింది. "మాట మార్చిన అత్తమ్మా. మామ పేరు."

కాంతమ్మ కోడలి వైపు చూసిన చూపుకు ఉజ్వల ఒక మెట్టు దిగింది. తర్వాత కాంతమ్మ తలుపు వైపు తిరిగి గొంతు సవరించుకుంది.

"మా ఇంటాయన."

"తప్పు. మళ్లీ చెప్పండి" అంది తాళం, ఉజ్వల గొంతుతోనే.

"ఆకాశ్ వాళ్ల బాపు."

"తప్పు. మళ్లీ చెప్పండి."

"పై అర్రల ఉండేటాయన."

మూడో తప్పుకు సైరన్ మోగింది. వాడకట్టులో తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఈ ఒక్కటి తప్ప. చంద్రవ్వ చీపురుతోనే ఉరికొచ్చింది.

"సర్వపిండి అను అక్కా. మర్చిపోయినవా ఏంది?"

"గా మాట మార్చింది నా కోడలు. తెలివి ఎక్కువైంది."

ఉజ్వల ఫోనులో సైరన్ ఆపింది. కిటికీలోంచి పాలు మాడుతున్న వాసన మొదలైంది.

"మాటేంది పెద్దమ్మా, నా చెవిల చెప్పు" అన్నాడు దస్తగిర్.

"చెప్పేదే అయితే తాళానికే చెప్తుంటి గద సాబ్."

"ఇగ నేనే తెరుస్త" అంది ఉజ్వల.

"తెరువు బిడ్డా, పాలు పాడైతున్నయి. కని నేను మామూలు తాళాలే పెట్టుకుంట మరి."

అప్పుడు బయటి మెట్ల మీదుగా దిగాడు కాశీనాథం, భుజాన తువ్వాలతో. "దొంగలా?" అని ఉజ్వలను అడిగాడు.

"దొంగలు కాదు మామా. లోపలికి పోవాలంటే అత్తమ్మ మీ పేరు చెప్పాలె."

కాశీనాథం తువ్వాలతో చివరి మెట్టు దులిపి, దాని మీద కుదురుగా కూర్చున్నాడు.

"కింద ఆమెకు చెప్పు, నేను వింటున్న అని."

"వినేతందుకు కూసున్నడు చూడు" అంది కాంతమ్మ, ఎవరితోనో అన్నట్టు.

"లగ్గమైన నాడు మా చెల్లె లక్ష్మమ్మ మమ్ముల గిట్లనే తలుపుకు అడ్డం నిలవడి కడప కాడ ఆపింది సాబ్" అని కాశీనాథం దస్తగిర్‌కు చెప్పసాగాడు. "పేర్లు చెప్పి లోపలికి రమ్మన్నది. నేను చెప్పిన. గామె చెప్పలే. అంతల పందిట్ల ఎద్దు జొచ్చింది. అందరు ఉరికిన్రు. గామె సందు చూసుకొని లోపలికి పోయింది. గా పేరు గప్పటి నుంచి బాకీ."

"పైన ఆయనకు చెప్పు, ఎద్దును నేను పిలువలేదని."

"మల్ల కడప మీదనే దొరికినవ్ అక్కా" అంది చంద్రవ్వ చీపురు మీద ఆనుకుని. "గీ సారి ఎద్దు గూడ లేదు."

కాంతమ్మ ఆమెను పట్టించుకోలేదు. కోడలిని చూసింది.

"గిది తెరవకపోతే హైదరాబాద్ పోతవా?"

"పోవాలె అత్తమ్మా."

కాంతమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. తాళానికి దగ్గరగా వంగి, చెవిలో చెప్పినట్టు ఏదో గొణిగింది. వాడకట్టంతా ఊపిరి బిగబట్టింది.

"వినిపించలేదు. గట్టిగా చెప్పండి" అంది తాళం.

"కాశీనాథం" అని కేకేసింది కాంతమ్మ.

గేటు మీది కాకి లేచిపోయింది. తాళం టిక్కుమంది. తలుపు తెరుచుకుంది.

"ఆఁ" అంటూ లేచి నిలబడ్డాడు కాశీనాథం.

"నిన్ను గాదు, తలుపును పిలిచిన" అని ఆయన ముఖం మీదే అనేసి, కాంతమ్మ పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

మధ్యలో ఉజ్వల లేకుండా వాళ్లిద్దరి మధ్య మాట నడిచిందని ఆ ఇద్దరు తప్ప అందరూ గమనించారు.

పాలు లేని చాయ్ తాగుతూ దస్తగిర్ చాలాసేపు తలుపును చూశాడు. "మా ఇంటామె షహజాదీ గూడ నా పేరు చెప్పది. పిల్లగాని పేరు చెప్పి, వాళ్ల అబ్బా అంటది" అన్నాడు. "గిట్లయితే సగం కాలనీ బయటనే ఉంటది బిడ్డా."

ఉజ్వల ముందుకు జరిగింది. "ఎవరికి నచ్చిన మాట వాళ్లు పెట్టుకోవచ్చు సాబ్. తప్పు నాది, తాళానిది కాదు."

"గా సంగతి నాకు ఎరుకైంది. చెయ్యి, కాలనీ అంతా చెయ్యి." చాయ్ గ్లాసు కింద పెట్టి, మీసం సవరించుకున్నాడు. "కని మొదటిది మా ఇంటికే బిగించు. మాట మాత్రం నేనే పెడత."

ఉజ్వల ఆ సాయంత్రమే హైదరాబాదుకు ఫోను చేసి రానని చెప్పింది. తర్వాత తాళం మాట మార్చడానికి కూర్చుంటే కాశీనాథం దిగివచ్చి, ఎటో చూస్తూ, "ఉండనియ్యి, మంచిగనే ఉన్నది" అన్నాడు.

సిద్దిపేటలో అంత గట్టి తాళం ఇంకో ఇంటికి లేదు. అందుకే కాంతమ్మ బయటికి పోయేటప్పుడు ఆ తలుపు పడకుండా రోటి పొత్రం అడ్డం పెట్టి పోతోంది. ఆమె చంద్రవ్వ ఇంట్లోకి పోయేదాకా ఆగి, కాశీనాథం మెల్లగా మేడ దిగుతాడు. పొత్రాన్ని కాలితో పక్కకు జరిపి, తలుపు పడ్డాక, ఏమీ ఎరగనట్టు చివరి మెట్టు మీద కూర్చుంటాడు.