నీలం తిరిగితే చెప్పండి

పౌడరు వాసన. తడి దువ్వెన. కూతురి గడ్డం అమ్మ వేళ్ళ మధ్య...

"కదలకే పిచికా. డాక్టరమ్మ ఫోనులో చూస్తుంది."

పిచిక కదలదు. ఈ మధ్య అసలు కదలడమే తక్కువ. బుద్ధి వచ్చిందనుకుంది అమ్మ.

నాలుగేళ్ళ పిల్ల. గుండెలో రంధ్రం. ఈ వేసవిలోనే ఆపరేషన్ అన్నారు. ఈలోగా ఆ మాయదారి రోగం వచ్చిపడింది. ఊరంతా తలుపులు మూసుకుంది. గుండె వార్డు మంచాలన్నీ ఆ రోగానికే ఇచ్చేశారు.

"మీ పాప ఆగగలదమ్మా," అన్నారు ఆసుపత్రివాళ్ళు. "ఒళ్ళు నీలం తిరిగితే మాత్రం వెంటనే చెప్పండి."

నీలం తిరిగితే...

కంటికి రెప్పలా కాచింది అమ్మ. నీలం కోసం. సిరా నీలం, ఆకాశ నీలం — ఏదీ రాలేదు. పొద్దున్నే చూసింది, పడుకోబెట్టేటప్పుడు చూసింది. రాలేదు. దేవుడి దయ అనుకుంది.

అమ్మది బ్యూటీ పార్లరులో పని. ఎంత వాడిన మొహాన్నయినా కళకళలాడించి పంపడం ఆమె విద్య. పార్లరుకు తాళం పడింది సరే, చేతులు ఊరుకుంటాయా? రోజూ పిచికే ఆమెకు పెళ్ళికూతురు. మొహానికి పౌడరు. పెదవులకు రంగు. గోళ్ళకు ఎర్రటి పాలిష్.

"కాకిపిల్ల కాకికి ముద్దు," అని నవ్వేది నాయనమ్మ.

నవ్వితే నవ్వనీ. పిల్ల ముద్దొచ్చేది మరి.

ఫోను మోగింది. తెర మీద డాక్టరమ్మ — ప్లాస్టిక్ ముసుగు వెనక అలసిన కళ్ళు.

"అబ్బో, ఎవరీ రాకుమారి? మొహం బాగానే ఉందే. గోళ్ళు చూపించు తల్లీ."

ఎర్రగా, పది గోళ్ళు.

డాక్టరమ్మ నవ్వు సగంలో ఆగింది.

"ఏదీ, నాలుక చాపు."

నాలుకకు రంగు వేయలేదు అమ్మ.

"నేరేడుపళ్ళు తిన్నావా?"

పిచిక తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ తెరకు దగ్గరగా వంగింది.

"అమ్మా, పాప మొహం తుడవండి. పెదవులు కూడా. ఇప్పుడే."

తుడిచింది. తడిగుడ్డకు తెలుపు అంటింది. ఎరుపు అంటింది. కింద ఉన్నది చూసి ఆమె ఉలిక్కిపడలేదు. ఎరిగిన రంగే. రోజూ చూస్తున్నదే. రోజూ కప్పుతున్నదే.

"ఇది నీలం కాదండీ," అంది. "నలుపు. కాస్త కమిలింది, అంతే."

"మన నల్లటి ఒంటి మీద నీలం ఇలాగే కనిపిస్తుందమ్మా. బయల్దేరండి. మంచం నేను ఎలాగోలా చూస్తాను."

పక్కనే నిలబడి వింటున్న నాన్న, చెప్పులు కూడా వేసుకోకుండా బండి కోసం వీధిలోకి పరుగెత్తాడు. అమ్మ చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

చేతులారా... తన చేతులారా...

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా?"

ఎన్నాళ్ళ నుంచి?

"ఎండండీ..." అంది అమ్మ. "ఎండలో ఆడి నల్లబడిందనుకున్నా."

"ఏ ఎండలో?"

అమ్మ తలుపు వైపు చూసింది. నాన్న తీసిన తలుపు తీసినట్టే ఉంది. బయట వీధి నిండా ఎండ.

వేసవంతా పిచిక ఆ గడప దాటనే లేదు...