అక్రోటు మరక

మా ఊళ్ళో దొంగని పట్టుకోవడానికి పోలీసులు అక్కర్లేదు. చేతులు చూస్తే చాలు. పచ్చి అక్రోటు కాయ పైతోలు ఒక్కసారి ఒలిస్తే ఆ రసం వేళ్ళకి పట్టి, పూట గడిచేసరికి నల్లగా తిరుగుతుంది. సబ్బుకీ ఇసుకకీ నిమ్మచెక్కకీ దేనికీ వదలదు. ఎండలు తగ్గి ఆకు పసుపు తిరిగే మెహర్ నెలలో, చెట్ల యజమానులు గడలు పట్టుకొచ్చి కాయ దులిపేదాకా ఊళ్ళో ఎవరి చేతులైనా శుభ్రంగా ఉండాలి. దులుపు మొదలయ్యాక అందరివీ నల్లచేతులే, కొత్త పెళ్ళికూతురివైనా సరే. ముందే నల్లబడితే మాత్రం దొంగ. ఇందులో వాదన లేదు.

ఆ చేతులు చూసే పని నాది. నా పేరు కరమ్ అలీ. మషద్ యాత్ర చేసొచ్చిన దగ్గర్నుంచీ అందరూ మషదీ అంటారు. తోటల కాపలాదారుని. నువ్వు నీ నీడనైనా ఆపి సంచీ విప్పి చూపించమంటావని మా ఆవిడ షహర్‌బాను ఎత్తిపొడుస్తూ ఉంటుంది. అననీ. అనుమానం లేని కాపలాదారు తలుపు లేని ఇల్లు.

ఈ ఏడాది మా ఊరి చిన్నబడికి హమదాన్ పట్నం నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. పేరు ఫరానక్. బడిలో కూర్చోబెట్టి పాటలు చెప్పుకోక, పసిపిల్లలందర్నీ వెంటేసుకుని తోటల్లోకి దిగింది. అదీ దులుపుకి ముందు! నేను వెళ్ళేసరికి ఒక పిల్లాడు చెట్టు మొదలుకి చెవి ఆనించి నిలబడ్డాడు. ఇంకొకడు కాగితం బెరడు మీద పెట్టి రంగుముక్కతో రుద్దుతున్నాడు. మా మనవరాలు గోల్‌నాజ్ కళ్ళకి గంతలు కట్టుకుని ఒక పోప్లార్ చెట్టుని కావలించుకుని ఉంది.

"ఏంటమ్మా ఈ తిరనాళ్ళు?" అన్నాను.

"చెట్లతో పరిచయం, మషదీ గారూ. శరత్కాలం పాఠం. కళ్ళు మూసుకుని తడిమి చూస్తారు. గంతలు విప్పాక తాము తడిమిన చెట్టు ఏదో వెతికి పట్టుకోవాలి."

"వీళ్ళు పుట్టిందే ఈ చెట్ల కింద. మళ్ళీ మీరు పరిచయం చెయ్యాలా?"

"పక్కింటివాళ్ళని రోజూ చూస్తాం. అంతమాత్రాన వాళ్ళ సంగతి మనకి తెలిసినట్టా?"

మాటకారి. మాటకారుల్ని నేను నమ్మను. పిల్లల జేబులన్నీ తడిమి పంపించాను. ఎండుటాకులు, చిన్న చిన్న పుల్లలు, ఒక చచ్చిన పురుగు దొరికాయి. అయినా నా మనసు కుదుటపడలేదు. వట్టి ఆకుల కోసం ఇంత దూరం ఎవరొస్తారండీ?

ఆ సాయంత్రం గోల్‌నాజ్ నా మోకాలు పట్టుకుని, "తాతా, నీ చెట్టు ఏది? టీచర్ అడగమంది. ఎవరు నాటారో కూడా కనుక్కుని రమ్మంది" అంది.

"నాకు చెట్టెక్కడిదే? నాకున్నది ఈ కర్ర."

"మరి నానమ్మది?"

"నానమ్మకీ లేదు. వెళ్ళి ఆడుకో."

పిల్ల వెళ్ళిపోయింది కానీ నాకు అన్నం సహించలేదు. ఏ చెట్టు ఎవరిదో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది? పన్నులవాడికి ఉంటుంది, దొంగకి ఉంటుంది. బడిపంతులమ్మకి దేనికి? పసిపిల్లల నోటితో ఊరి గుట్టు లాగుతోందని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత కొద్ది రోజులకే వాగు ఒడ్డు అక్రోటు చెట్టు మీద దొంగ చెయ్యి పడింది. ఆ తోట నా బావమరిది హాజీ నుస్రత్‌ది. కింది కొమ్మల్లో కాయ లేదు. విచిత్రం ఏమిటంటే ఒక్క రెమ్మ విరగలేదు, కింద ఒక్క తోలుముక్క పడలేదు. దొంగలు కొమ్మలు విరిచి, దొరికింది లాక్కుని పారిపోతారు. ఇదెవరో తీరిగ్గా, జాగ్రత్తగా కోసుకెళ్ళిన వాలకం. నాకు ఒళ్ళు మండిపోయింది.

నుస్రత్ చెట్టు చుట్టూ తిరిగి చూసి, నా ముందు నిలబడ్డాడు.

"బావా, మెలకువగా ఉండే కాస్తున్నావా, కలలో కాస్తున్నావా?"

"దొంగ దొరుకుతాడు."

"దులుపు రోజు పొద్దుటికల్లా దొరకాలి. లేదంటే కర్ర నాకిచ్చేసి ఇంట్లో కూర్చో. మా అక్కకి ఉల్లిపాయలు తరిగిపెట్టు." వెళ్ళబోతూ ఆగాడు. "కంచే చేను మేసిందని ఊళ్ళో గుసగుసలు వినిపిస్తున్నాయి. నేనన్నది కాదులే. జనం అంటున్నారు."

జనం అంటున్నారట. ఆ జనానికి నోరు ఇచ్చింది వాడేనని నాకు తెలీదా? కానీ తోటల వాళ్ళలో పెద్ద చెయ్యి వాడిది. వాడు వద్దంటే మిగతా వాళ్ళూ వద్దంటారు. ఈ వయసులో కర్ర పోతే నాకు వేరే పని ఎవడిస్తాడు? అది పోయినా కలో గంజో తాగి బతకొచ్చు. దొంగ అన్న పేరుతో ఎలా బతకను?

మర్నాడు చిన్నబడి వదిలేవేళకి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. ఒక్కొక్కళ్ళ చేతులూ చూశాను. నలుపు. అందరివీ నలుపే. మా గోల్‌నాజ్‌వి మోచేతులదాకా నలుపు.

నేను లోపలికి ఎలా వెళ్ళానో నాకే తెలీదు. గోడ నిండా కాగితాలు. అక్రోటు తోలు రసంలో ఆకులు ముంచి అద్దిన గోధుమరంగు అచ్చులు, వాటి పక్కన పిల్లల అరచేతుల అచ్చులు.

"దొరికారమ్మా! తోలు ఎక్కడిది?"

"ఒక పిల్ల ఇంటి నుంచి తెచ్చింది. రంగు చేసుకున్నాం." ఆవిడకి కంగారే లేదు. "మరక ఇంత మొండిదని నాకు తెలీలేదు మషదీ గారూ. తల్లులు తిడతారేమో."

"ఏ పిల్ల?"

ఆవిడ నా వైపు చూసింది, నా వెనక గుమ్మంలో నిలబడ్డ పిల్లల వైపు చూసింది. "అది చెప్పను" అంది.

"చెప్పకపోతే మీరే దొంగ అవుతారు. మా ఊళ్ళో అంతే."

"అయితే అవుతాను. ఐదేళ్ళ పిల్ల పేరు మీ చేతికివ్వను."

చూశారా, ఎంత పొగరో! దొంగని నీడ పట్టున దాచేది దొంగే అవుతుంది గానీ ఇంకెవరవుతారు? తిన్నగా నుస్రత్ ఇంటికి పోయి చూసింది చూసినట్టు చెప్పాను. వాడి మొహం వెలిగిపోయింది. "ఎల్లుండి దులుపు దగ్గరే తేల్చేద్దాం. ఆవిణ్ణి హమదాన్ బస్సెక్కించి చిన్నబడికి తాళం వేద్దాం. అసలు పసిపిల్లలకి బడేంటి?" అన్నాడు. టీ పోయించాడు. ఇన్నేళ్ళలో వాడు నాకు పోయించిన టీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

దొంగ దొరికిందన్న హుషారుతో ఇంటికొచ్చాను. షహర్‌బాను వసారాలో కూర్చుని పప్పు ఏరుతోంది. మణికట్టుదాకా గోరింటాకు పండి ఉంది.

"ఎవరి పెళ్ళి?" అన్నాను.

"కీళ్ళు మంటలు పుడుతున్నాయి. చలవ చేస్తుందని పెట్టుకున్నా."

"ఈ చలిలో చలవా?"

"నీకన్నీ అనుమానాలే."

అనుమానాలే. లేకపోతే కాపలాదారునెందుకయ్యాను? "చెయ్యి ఇలా పెట్టు" అన్నాను. తోటలో దారినపోయేవాళ్ళతో అనే గొంతుతోనే అన్నాను. ఆవిడ పళ్ళెం పక్కన పెట్టి రెండు చేతులూ చాపింది. గోరింటాకు ఎరుపు కింద గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో నలుపు.

"నువ్వా?"

"నేనే."

"మీ తమ్ముడి చెట్టు మీద..."

"వాడి చెట్టు కాదు. నాది." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను పుట్టిన రోజున మా నాన్న నాటాడు. ఇది షహర్‌బాను చెట్టు అని నలుగురిలో చెప్పాడు. వాగులోంచి కుండతో నీళ్ళు మోసి పోసింది ఈ చేతులే. నాన్న పోయాక నుస్రత్ ఏమన్నాడో గుర్తుందా? పరాయింటికి పోయినదానికి చెట్టేంటి అన్నాడు. నువ్వేమన్నావో గుర్తుందా?"

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. ఆ నెలలోనే వాడు నీ చేతికి కర్ర ఇచ్చాడు. నువ్వు పుచ్చుకున్నావు."

నేను గోడకి చేరగిలబడ్డాను.

"మొన్న పిల్ల వచ్చి 'నానమ్మా, నీ చెట్టు ఏది?' అంది. తాత లేదన్నాడని కూడా చెప్పింది. నాకు లేదని చెప్పడానికి నోరు రాలేదు మషదీ. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. అది చెట్టుని వాటేసుకుని, మొదలంతా తడిమి, నీ చెట్టు చాలా లావు నానమ్మా అంది. నాకు ఏడుపొచ్చింది. ఒక్క కాయ కోద్దామనుకున్నాను. కోశాక చెయ్యి ఆగలేదు. తోలు పిల్లే అడిగి పట్టుకెళ్ళింది."

"టీచరమ్మకి తెలుసా?"

"గోల్‌నాజ్ తెచ్చిందని తెలుసు. నీతో చెప్పిందా?"

"లేదు."

"చూశావా! ఎక్కడి పిల్లో, మన పిల్ల కోసం నోరు కట్టేసుకుంది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే?" నిజంగానే అడిగాను. నాకు భయం వేసింది.

"నువ్వు కాపలాదారువి, దొంగ దొరికింది. నీ పని నువ్వు చెయ్యి" అని పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది. మళ్ళీ పప్పు ఏరుకుంటూ కూర్చుంది.

దులుపు రోజు పొద్దున్నే ఊరంతా వాగు ఒడ్డున చేరింది. గడలు, దుప్పట్లు, గోనెసంచులు. టీచరమ్మని కూడా పిలిపించారు. మొహం పాలిపోయింది గానీ తల దించలేదు. పిల్లలు నల్లచేతులతో ఆవిడ గౌను పట్టుకుని వేళ్ళాడుతున్నారు. గోల్‌నాజ్ అందరికన్నా ముందుంది.

నుస్రత్ గొంతు సవరించుకున్నాడు. పట్నం నుంచి వచ్చి పిల్లలకి దొంగతనం నేర్పుతోందన్నాడు. బడి మూసెయ్యాలన్నాడు. కొందరు తల్లులు అవునన్నారు. ఆ మరకలు తోమలేక వాళ్ళ చేతులు పడిపోయాయి పాపం. అప్పుడు వాడు నా వైపు తిరిగాడు.

"మషదీ, నీ కళ్ళతో చూసింది నలుగురికీ చెప్పు."

చెప్పొచ్చు. పిల్లల చేతులు నల్లగా ఉన్నాయి, తోలు ఎక్కడిదంటే టీచరమ్మ చెప్పలేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంతే అని ఊరుకుంటే కర్ర నా దగ్గర ఉంటుంది, పరువు నా దగ్గర ఉంటుంది, ఆవిడ మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతుంది. ఆడవాళ్ళ గుంపులో షహర్‌బాను ఎక్కడుందా అని చూశాను. ఒంటినిండా కప్పుకున్న చాదర్ కింద చేతులు దాచుకుని నన్నే చూస్తోంది.

"చూశాను. పిల్లల చేతులు నల్లగానే ఉన్నాయి. కానీ ఇక్కడ దొంగతనం జరగలేదు" అన్నాను.

"ఏం పేలుతున్నావు బావా?"

"చెట్టు ఎవరిదో వాళ్ళు కోసుకున్నారు. నేల నీది. చెట్టు మీ అక్కది. మీ నాన్న ఇచ్చాడు."

మా ఊళ్ళో నేల ఒకరిదీ చెట్టు ఇంకొకరిదీ కావడం కొత్త కాదు. ముసలివాళ్ళు కొందరు గభాల్న నేలచూపులు చూశారు. వాళ్ళకి ఈ సంగతి తెలుసని నాకప్పుడు అర్థమైంది. తెలిసే ఇన్నేళ్ళూ నోళ్ళు మూసుకున్నారు, నాలాగే.

నుస్రత్ మొహం జేవురించింది. చెయ్యి చాపి, "కర్ర ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాను. ఇచ్చాక ఆ చేతిని ఏం చేసుకోవాలో తోచలేదు.

షహర్‌బాను చాదర్ నడుముకి బిగించి ముందుకొచ్చింది. ఆ ఎరుపూ నలుపూ కలిసిన చేతుల్ని ఊరంతా చూసింది. దాచుకోలేదు. ఎవరి చేతిలోంచో గడ అందుకుంది.

నలుగురిలో చెడ్డ కాకూడదనుకున్నాడేమో, నుస్రత్ గొంతు మెత్తబరిచాడు. "సరేలే అక్కా, మనలో మనకేంటి, ఈ ఏడాదికి నువ్వే దులుపుకో."

"ఈ ఏడాది కాయ కాదురా నేనడిగేది. చెట్టు."

వాడు తన గడల మనుషుల్ని తీసుకుని పక్క తోటలోకి వెళ్ళిపోయాడు. కోర్టుకి పోతాడేమోనని నాకిప్పటికీ అనుమానమే. టీచరమ్మ మాత్రం ఉంది. చిన్నబడి నడుస్తోంది. పిల్లలు ఇంకా ప్రతి చెట్టునీ కావలించుకుంటూనే ఉన్నారు.

ఆ పొద్దున నుస్రత్ అటు వెళ్ళగానే మా ఆవిడ గడ ఎత్తి మొదటి దెబ్బ వేసింది. కాయ జలజలా రాలింది. పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెత్తారు. నేను ఆవిడ పక్కకి చేరి, ఒక్క మంచి మాట వినొచ్చన్న ఆశతో, "చూశావా బానూ, నీ కోసం కర్ర వదిలేశాను" అన్నాను.

ఆవిడ గడ దించలేదు. "ఇన్నేళ్ళూ ఆ కర్ర పట్టుకుని, నేను నా చెట్టు దగ్గరికి రాకుండా కాశావు. అది ఎవరి కోసం?" అంది.

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నిలబడ్డావేం? దుప్పటి ఆ కొస పట్టుకో" అంది. పట్టుకున్నాను.