ఐదో రోజు గోడ

డబ్బాలు నాలుగు, మూతలు మూడు. నాలుగో మూత ఎక్కడుందో ఆ ఇంట్లో ఒక్క మనిషికే తెలియాలని ఎవరు రాసిపెట్టారో గానీ, ఆమె స్టవ్ కిందికి వంగి వెతుకుతుంటే భర్త గుమ్మంలో నిలబడి తాపీగా వాచీ పెట్టుకుంటున్నాడు.

"రాత్రి సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? రాత్రిది రాత్రితోనే పోవాలి. తెల్లారింది కదా!"

రాత్రి సంగతి పెద్దదేం కాదు. ఆయన స్నేహితులు భోజనానికొచ్చారు. "మా ఆవిడ గోడలకి జ్వరం చూస్తుంది" అని పరిచయం చేశాడు. అందరూ పగలబడి నవ్వారు. "గోడకి మైనం పూసే ఉద్యోగానికి ఇంత చదువెందుకో!" అని అత్తగారు పైనుంచి తాలింపు వేసింది. చేతిలో ఎంగిలి కంచాలతో ఆమె కూడా నవ్వింది. మొన్నా అలాగే నవ్వింది, అటుమొన్నా అంతే. ఆయన దృష్టిలో మాత్రం ఆమె ప్రతి పొద్దునా కొత్తదే.

మూత దొరకలేదు. వదిలేసి ఆఫీసుకి పరిగెత్తింది.

ఆ ఉద్యోగం మైనం పూయడం కాదు. ఇసుక రేణువులంత మైనం గుళికలు సిమెంటులో కలిపి గోడకి పూస్తే, పగటి ఎండకి లోపలి మైనం కరుగుతుంది. కరుగుతూ వేడిని మింగుతుంది, గది చల్లగా ఉంటుంది. కానీ రాత్రి గాలి తగిలి ఆ వేడి బయటికి పోవాలి, మైనం మళ్ళీ గడ్డకట్టాలి. లేకపోతే మర్నాడు మింగడానికి చోటుండదు. ఏ గోడ ఎంత మింగుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ముందే కంప్యూటర్లో నడిపి చెప్పడం ఆమె పని. ఈసారిది నర్సుల హాస్టల్. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే అమ్మాయిలు. ఆడపిల్లల హాస్టల్ కాబట్టి చీకటిపడితే కిటికీలకి తాళాలు. ఆమె వరసగా ఏడు ఎండరోజులు నడిపి చూసింది. మొదటిరోజు గోడ బంగారం. ఐదోరోజు పొద్దుటికే మైనమంతా కరిగి ఉంది, మధ్యాహ్నానికి గది పొయ్యే.

ఇవాళ ఫైలు తెరిస్తే ఐదోరోజు లేదు. ఏడు రోజులూ మొదటిరోజే! ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నేనే చిన్న మార్పు చేశానమ్మా" అన్నాడు పెద్దసారు. "ప్రతి పొద్దునా మైనం గడ్డకట్టే ఉన్నట్టు పెట్టాను. పన్నెండింటికల్లా రిపోర్టు వెళ్ళాలి, సంతకం పెట్టేయండి."

"రాత్రి కిటికీలు మూసుంటే ఎలా గడ్డకడుతుంది సార్?"

"తెల్లారేసరికి అదే సర్దుకుంటుంది లెండి. మీరైతే పేచీ పెట్టరనే కదా మీకిచ్చాను!"

తెల్లారేసరికి. ఈ మగవాళ్ళకి ఈ తెల్లారడం మీద ఇంత నమ్మకమేమిటో! రాత్రంతా తాళం వేసి ఉంచుతారు, పొద్దున్నే చల్లగా ఉండమంటారు. రేపు ఆ గదుల్లో ఉడికేది ఈయనా? డ్యూటీ చేసొచ్చిన పిల్ల చెమటలో దొర్లుతుంటే కాగితం మీద గది చల్లగా ఉంటుంది, కింద తన సంతకం ఉంటుంది. ఆ ఆలోచనకే ఆమెకి అసహ్యమేసింది.

సీటుకెళ్ళి ప్రోగ్రాములో ఆయన పెట్టిన ఆ ఒక్క లైను తీసేసి మళ్ళీ నడిపింది. ఐదోరోజు గ్రాఫు మొదటి పేజీలో పెట్టి, "రాత్రి కిటికీలు తెరవకపోతే ఈ పూత పనికిరాదు" అని రాసి, సంతకం చేసి తెచ్చి ఇచ్చింది.

పెద్దసారు మొహం మాడిపోయింది. "తర్వాతి ప్రాజెక్టు మీకు రాదు, తెలుసా?"

"తెలుసు సార్. ఇది మాత్రం ఇలాగే వెళ్ళాలి. మార్చాలంటే నా సంతకం కొట్టేసి మీది పెట్టుకోండి."

ఆయన పెన్ను తీశాడు. ఐదోరోజు గీత వైపు చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. భర్త. "సాయంత్రం అక్కావాళ్ళు వస్తున్నారు. తొందరగా వచ్చి ఏదైనా చెయ్యి. ఆ మొహం మాత్రం వేసుకు రాకు. ఇంకా చల్లారలేదా నువ్వు?"

"లేదండీ. నిన్నటిదే కాదు, పదకొండేళ్ళది ఉంది. వంట మీరు మొదలుపెట్టండి" అంది ఆమె. "ఆ నాలుగో మూత కూడా మీరే వెతకండి."